ఆవర్తనానికి ఒక కూత

పోయిన వారం క్లినిక్‌లో చెవి పరీక్షకు వెళ్లాను. ఇక్కడ అరబ్బు దేశంలో, రాబిగ్‌లో చమురు ప్లాంటు లోపల, మోతలో పనిచేసేవాళ్లందరికీ ఏడాదికోసారి తప్పని తంతు ఇది. మనిషి పట్టేంత గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తారు. కూత వినబడితే నొక్కాలి. తలుపు మూశారు. మొదటి కూతకు నొక్కాను. రెండోది వచ్చేలోపు నా కుడిచేతి వేళ్లు వాటంతటవే తొడమీద తాళం లెక్కపెట్టడం మొదలెట్టాయి. హెడ్‌ఫోన్లు తీసేసి బయటికొచ్చాను. గది ఇరుకు, చాలామందికి ఇలాగే అవుతుందని నర్సు మంచినీళ్లిచ్చింది. నా భయం వేరని ఆవిడకు చెప్పలేదు.

కొన్నేళ్ల కిందట ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మెకానిక్ ఒకాయన మాతో ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. పంపుల చప్పుడు విని జబ్బు చెప్పడంలో ఆయనకు సాటి లేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు పెట్టె మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకునేవాడు. "ఇది ఇంగా నాలుగు దినాలు తిరుగుతాది సార్, ఐదో దినం నమ్మాకండి" అనేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది. మీటర్లు మెళ్లో వేసుకుని తిరిగే మేమంతా ముఖముఖాలు చూసుకునేవాళ్లం. నేను పదేళ్లు మృదంగం నేర్చుకుని, నీకు లెక్క తప్ప వేరే ఏమీ అబ్బలేదని గురువుగారే తేల్చేశాక ఇంజనీరునైనవాణ్ణి. అందుకని, పుట్టుకతో చెవి ఉన్నవాణ్ణి చూస్తే నాకు అసూయ, భక్తి ఒక్కసారే పుడతాయి.

ఇంత చెవి ఉన్న మనిషి పాటలు వినడు. నా కారెక్కితే నేనే మర్యాదకు కచేరీ ఆపేసేవాణ్ణి. ఆయన రుచి అంతా ఖురాన్ పారాయణంలోనే, అదీ ఎవరు పడితే వాళ్లు చదివితే కాదు. సాయంత్రం పని దిగాక దారిలో మూడు మసీదులు దాటించి, సముద్రం వైపున్న నాలుగోదానికి తీసుకెళ్లమనేవాడు. అక్కడి ఇమాం గొంతంటే ఆయనకు ప్రాణం. బయటి మైకులో నమాజుకు పిలుపు మాత్రమే వస్తుంది కాబట్టి నేను తలుపుకు దగ్గరగా కారాపుకుని, అద్దాలు దించి వినేవాణ్ణి. నాకు అర్థం తెలియదు. కానీ ఆ గొంతు ఒక్కో మాట మీద ఆగి, పైకి పాకి, కిందికి దిగుతుంటే సీట్లో వెనక్కి వాలినవాణ్ణి నిటారుగా కూర్చునేవాణ్ణి. దేవుడంటే భయం ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ కార్లోనే. ఒకసారి ఉత్సాహం పట్టలేక, "భాయ్, అచ్చం మాయామాళవగౌళలా ఉంది" అన్నాను. "అది రాగం కాదు సార్. అట్లనొద్దు" అన్నాడు మెత్తగా. నా పాండిత్యం అక్కడితో కట్టిపెట్టాను.

ఒక సాయంత్రం నమాజు అయ్యాక కారెక్కాడు. తలుపేస్తూ అడిగాడు. "ఇమాం సాబ్‌కు గొంతు బాగల్యాదా సార్? ఈ మధ్య శానా చిన్నగా చదువుతాండాడు." తలుపు బయట కూర్చున్న నాకు ప్రతి మాటా ఖంగుమని వినబడింది. ఆయన నిలబడింది మొదటి వరసలో. నా ముఖం చూసి, తగ్గింది ఇమాం గొంతు కాదని ఆయనకూ అర్థమైంది. పదిరోజుల్లో చెవి పరీక్ష. తప్పితే ప్లాంటు లోపలికి రానివ్వరు, లోపలికి రాలేని మెకానిక్‌కు ఫైనల్ ఎగ్జిటే, వీసా రద్దు చేసి ఊరికి పంపేస్తారు. "కూతురు నర్సింగు ఇంగా ఒక్క సంవత్సరం ఉండాది సార్" అన్నాడు.

అప్పుడు నేను తెలివి చూపించాను. అప్పట్లో ఆ పరీక్ష చేసే నర్సుకు ఒక అలవాటు ఉందని నా మృదంగం బుర్ర ఎప్పుడో పసిగట్టింది. కూతకూ కూతకూ ఒకటే ఎడం. సరిగ్గా ఆదితాళం ఒక ఆవర్తనం, ఎనిమిది లెక్కలు. ప్రతి స్థాయిలోనూ ఐదు కూతలు, మొదటిది భాయ్‌కి కూడా వినబడేంత గట్టిగా, తర్వాతవి తగ్గుతూ, కాస్త విరామం, మళ్లీ మొదలు. వారం రోజులు భాయ్‌కి కార్లోనే తాళం నేర్పాను. నాలుగింటికి నొక్కు, ఐదోది వదిలెయ్, మరీ బాగా వింటే అనుమానిస్తారని కూడా చెప్పాను. లెక్కలు వేస్తూ ఇద్దరం నవ్వుకున్నాం కూడా. పాసయ్యాడు. ఖర్జూరాల పెట్టె తెచ్చిచ్చాడు. ఒక స్నేహితుణ్ణి కాపాడానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ హాయి ఎన్నాళ్లో నిలవలేదు. ఆయన స్క్రూడ్రైవరు చెవికి పెట్టిన ప్రతిసారీ నేను పని ఆపి ఆయన ముఖమే చూసేవాణ్ణి. బాగుందని ఆయన అనగానే అందరూ పనిలోకి దిగేవారు. ఆయన మాట మీద వాళ్లకు అంత గురి. నేనొక్కణ్ణే తెలిసి నిలబడేవాణ్ణి. ఒకరోజు పొద్దున వేడి నూనె తోడే పంపు దగ్గర అలాగే విని, "బాగుండాది సార్" అన్నాడు. ఎందుకో నా చెయ్యి ముందుకెళ్లింది. స్క్రూడ్రైవరు తీసుకుని నా చెవి వెనక ఆనించాను. పంపు మోత అడుగున, సన్నగా, తారస్థాయిలో ఒక కీచు. మృదంగానికి కూడా పనికిరాని నా చెవికే స్పష్టంగా వినబడింది. వెనక్కి పొండని అరిచి పంపు ఆపేశాను. విప్పితే బేరింగు పగిలి ఉంది. ఇంకో గంట తిరిగితే సీలు ఊడి నూనెకు నిప్పంటుకునేదన్నారు.

భాయ్ నన్ను పక్కకు పిలిచాడు. "మీకు వినపడిందా సార్?"

"వినబడింది భాయ్."

"నాకు ఏమీ ల్యా" అన్నాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను. మర్నాడు తనంతట తనే క్లినిక్‌కు వెళ్లి, "మళ్లా చెయ్యండి, ఈసారి లెక్క పెట్టను" అన్నాడట. లెక్క ఎవరు నేర్పారని అడిగితే నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పుకోలేదు. నెల తిరక్కుండా విమానం ఎక్కాడు.

నన్నెవరూ ఏమీ అనలేదు. పైగా పంపు ఆపినందుకు అందరి ముందూ మెచ్చుకున్నారు. కానీ కార్లో ఆయన ఇమాం గొంతు గురించి అడిగిన సాయంత్రానికీ, నేను పంపు ఆపిన పొద్దుటికీ నడుమ పదకొండు వారాలున్నాయి. ఆ పదకొండు వారాలూ, ఆయనకు వినబడదని నాకు తెలిసీ, ఆ పంపు పక్కన నలుగురు మనుషులు రోజూ పనిచేశారు.