ప్రతి అద్దంలోనూ నేనే

మాది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. డిగ్రీ అయ్యాక, మా అవ్వా ఆమె తోటివాళ్లూ కుట్టే అద్దాల సంచులు అమ్మడానికి నేనే వెబ్‌సైట్ తయారు చేస్తానని పట్టుబట్టాను. నొక్కితే ఫొటో పెద్దదయ్యే టూల్ ఏరికోరి ఎంచుకున్నాను. ఫొటోల కోసం ఫోన్‌కు స్టాండు, గుండ్రటి లైటు కొన్నాను.

మహబూబాబాద్‌లో మహిళా సంఘాల మీటింగులో వెబ్‌సైట్‌ను పెద్ద తెర మీద చూపించాను. సంచి మీద నొక్కగానే కుట్టు పెద్దదైంది. ప్రతి అద్దంలోనూ నేనే. నైటీ మీద తువ్వాలు, తలకు కారేంత నూనె, చేతిలో ఫోను. హాలంతా నవ్వింది. ముందు వరసలోని ఒక పెద్దావిడ, "సంచి కొంటే నువ్వు గూడ వస్తవా బిడ్డా?" అని అడిగింది.

ఇంటికి రాగానే మంచి తెల్ల దుప్పటి తీసి, లెన్సు పట్టేంత చిల్లు కత్తిరించాను. అవ్వ చూసింది.

"దుప్పటి పోతే పోనీ. మల్ల తియ్యి," అంది.

దాన్ని అడ్డంగా కట్టి, వెనక నిలబడి అన్నీ మళ్లీ తీశాను. ఈసారి అద్దాలు తెల్లగా మెరిశాయి.

పాతవన్నీ చెరిపేస్తుంటే ఒకదాని దగ్గర చెయ్యి ఆగింది. ఒక అద్దంలో, నా భుజం వెనక, అవ్వ సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వుతోంది. ఫోను కనబడితే మొహానికి కొంగు కప్పుకునే మనిషి. ఆ అద్దం వరకు కత్తిరించి, వెబ్‌సైట్‌లో 'కుట్టినవారు' అన్న చోట పెట్టాను.

అవ్వ ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. "గిది ఎప్పుడు తీసినవే?"

"నేను తియ్యలే అవ్వా. నువ్వు కుట్టిన అద్దమే తీసింది."