సిమెంటు తల్లి కాళ్లకాడ బాపు

ఐదో తరగతిలో నేను మూడేళ్లు కూర్చున్నాను. నాలుగో ఏడు నాకేం విసుగు రాలేదు, పంతులుకే వచ్చింది. అట్లా బడి నుంచి బయటపడి, కొన్నాళ్లకు నందికొండలో డ్యాం పనుల కంట్రాక్టరు దగ్గర జీపు డ్రైవరునయ్యాను.

ఒకసారి బాపుకు డ్యాం చూపించి, అదే జీపులో నార్కట్‌పల్లి దగ్గరున్న మా ఊరికి తీసుకొస్తున్నాను. బయలుదేరేటప్పుడు కంట్రాక్టరు తన డబ్బా కెమెరా చేతికిచ్చి, రీలులో ఒక్క ఫోటో మిగిలింది, తీసుకో అన్నాడు. బాపు ఫోటో ఒక్కటన్నా ఇంట్లో ఉండాలని అమ్మకు ఎన్నాళ్ల నుంచో కోరిక. మగ్గం గుంతలోంచి లేచి స్టూడియోకు రమ్మంటే ఆయన ఎన్నడూ వచ్చింది లేదు.

దారిలో రోడ్డు పక్కన కొత్తగా నిలబెట్టిన సిమెంటు బొమ్మ కనిపించింది. నెత్తిన వరిమోపుతో ఆడమనిషి. జీపు మీద జీపు, అట్లా పది జీపులు పెట్టినంత ఎత్తు. బాపు బండి ఆపించి, చెప్పులు విప్పి దండం పెట్టాడు.

"ఎల్లమ్మనా, మైసమ్మనారా?"

"దేవత కాదు బాపూ, కూలికి పోయే ఆమె."

"కూలికి పోయేటామెకు గంత పెద్ద గద్దె ఎవలు కడ్తరు?"

నాకూ అనుమానమొచ్చింది. ఎవరైతేనేం, ఆమె ముందర నిలబడితే ఫోటో తీస్తానన్నాను. వెంటనే ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు.

"తల్లిని సగం కోసి తియ్యకు. తల తెగితే ఇంటికి మంచిది కాదు."

దగ్గర నుంచి తీస్తే బాపు ముఖం వస్తుంది, తల్లికి మోకాళ్లే వస్తాయి. తల్లి మొత్తం రావాలంటే నేను వెనక్కి పోవాలి. పోయాను. చేను గట్టు దాటినా వరిమోపు కెమెరా మీది చూపుటద్దంలోకి రాదే! పైగా ఆ అద్దంలో కుడి ఎడమలు తారుమారు. బాపును ఇటు జరగమంటే అటు పోతున్నాడు.

"కుడికి జరుగు బాపూ!"

"నీ కుడా, నా కుడారా?"

"నాకెరుక లేదు, జర నడువు!"

చివరికి ఇంకా వెనక్కి పోయి, వరిమోపు అద్దంలోకి రాగానే కళ్లు మూసుకుని మీట నొక్కాను.

పది రోజులకు ఫోటో వచ్చింది. తల్లి వరిమోపుతో సహా నిండుగా ఉంది. కాళ్ల దగ్గర మాత్రం నువ్వుగింజలంత తెల్లటి మచ్చలు రెండు. ఒకటి తెల్లబట్టల బాపు, ఒకటి సున్నం వేసిన మైలురాయి. ఏది ఏదో నాకు తెలియలేదు. బాపును అడిగితే, "గొడ్డును తోలినట్టు అటు ఇటు తోలితివి, నేనేడున్ననో నాకేమెరుక?" అన్నాడు.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని ఎదురుచూస్తోంది. తెలియదని ఎట్లా చెప్పను? రెంటిలో నిటారుగా ఉన్నదాని మీద వేలు పెట్టాను.

"గిదే అమ్మా. ఎంత దర్జాగ నిలవడ్డడో చూడు."

అమ్మ ఫోటోను వాకిట్లో వెలుతురుకు పట్టి చూసింది. తన వేలు రెండో మచ్చ మీద పెట్టింది.

"గది రాయి కొడుకా. ఇన్నేండ్ల సంది మగ్గం గుంతల కూసున్న నడుము గంత నిటారుగ ఉంటదా? గీ ఒంగిందే మీ బాపు. కన్నతండ్రినే గుర్తువట్టకపోతివి, నీకు జీపు తోలెటప్పుడు రోడ్డెట్ల కనవడ్తాందిరా?"