అత్త తప్పుగా పాడిన చరణం

మంగళవారం పొద్దున కడపలో నేను పనిచేసే బడికి బయలుదేరుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. టీ ఇద్దామని లేపితే పలకలేదు" అన్నాడు.  ఆ తర్వాత చాలాసేపు ఇద్దరమూ ఫోన్ పెట్టేయలేదు.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. మా నాయనకు అక్క. డోన్ దగ్గరి మా పల్లెలో కూలికి పోయేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ జ్వరంతో చనిపోయాక నన్నూ తమ్ముణ్ణీ పెంచింది ఆమే.

అత్తకు చదువు రాదు. కీర్తనల పుస్తకం చేతిలో ఉండేది గానీ తెరిచేది కాదు. అన్నీ నోటికే. ఎవరి స్వరం తప్పినా ఊరుకునేది కాదు. సంఘపెద్దనైనా సరే, పాట మధ్యలో ఆపి "అప్పా, నువ్వు కిందికి దిగినావు. మళ్లా మొదట్నించి రా" అనేది. ఆయన గొంతు సవరించుకుని బుద్ధిగా మొదలుపెట్టేవాడు.

వేరుశెనగ చేలో కలుపు తీసేటప్పుడు కూడా ఆమే పాడాలి. పాట ఉంటే పని సాగుతుందని రైతు మురిసిపోయేవాడు. సెలవుల్లో ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. ఆ రోజు పాట మరీ నీరసంగా నడిచింది. "ఏందత్తా, ఇంత నిదానంగా పాడతాండావు?" అని అడిగాను.

"ఆ చివరి సాలులో ఉండే పిల్లకు ఏడో నెల" అంది గొంతు తగ్గించి. "నేను నిదానంగా పాడితే అందరి చేతులూ నిదానమైతాయి. ఆ పిల్ల ఒక్కతే వెనకబడినట్ల కనపడదు."

సాయంత్రాలు నాకు జడ వేస్తూ ఒక కీర్తన పాడేది. అది అమ్మ పాట. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఎప్పుడూ అదే పాడేదట. అమ్మ ముఖం నాకు ఒక ఫోటోలో ఉంది. గొంతు ఎక్కడా లేదు. అత్త నోట విన్న ఆ పాటే నాకు అమ్మ గొంతు.

టీచర్ ట్రైనింగ్‌కు కడప వచ్చాక అక్కడి చర్చిలో పాటల బృందంలో చేరాను. ఒకరోజు అమ్మ పాట పాడితే, నేర్పే ఆయన రెండో చరణం దగ్గర ఆపాడు. చివరి మాట పైకి లేవాలట, నేను కిందికి దించుతున్నానట. అందరూ నవ్వారు. ఆ ఉక్రోషం సెలవులదాకా దాచుకుని, ఊరికి పోగానే అత్త మీద విరుచుకుపడ్డాను.

"ఊరందరికీ తప్పులు దిద్దుతావు. నాకు మాత్రం తప్పు నేర్పిస్తివే."

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది. చేట పక్కన పెట్టింది.

"తప్పని నాకు తెలుసు పాపా. మీ యమ్మ అట్లనే పాడేది. శానాసార్లు దిద్దినా. ఆ మాట కాడికి వచ్చేతలికి కిందికే జారేది, నవ్వేది. నేను సరిగ్గా పాడితే అది నా పాట అయితాది. ఇంక మీ యమ్మది యాడుంటాది?"

 అయినా కడపకు తిరిగొచ్చి సరిగ్గానే పాడాను. ఇరవై ఏళ్లుగా సరిగ్గానే పాడుతున్నాను.

చివరి రెండేళ్లూ అత్తకు ఆయాసం. ఒకసారి ఫోన్ తీసి, రికార్డు చేసుకుంటాను పాడమన్నాను. "ఈ పొద్దు ఊపిరి అందలేదు పాపా. మళ్లా వస్తావు గదా, అప్పుడు పాడతాలే" అంది. సరేనన్నాను. తర్వాత వెళ్లినప్పుడు తొందరలో ఉన్నాను. ఆ పైసారి గుర్తే రాలేదు. చెప్పుకోవడానికి ఇంకే సాకూ లేదు.

సమాధి దగ్గర నన్నే పాడమన్నారు. అమ్మ పాటే ఎత్తుకున్నాను. గొంతు వణకకుండా చివరిదాకా పాడాను. అందరూ వెళ్లిపోయాక నాయన ఆ కొత్త మట్టి పక్కనే కూర్చుండిపోయాడు. ఆయన జీవితంలో ఏ పాటా పాడి ఎరుగడు.

"బాగా పాడితివి పాపా" అన్నాడు. "రెండో చరణం కాడ మాత్రం మీ యమ్మ మాదిరి లేదు."

ఇన్నేళ్లూ ఆయన కూడా ఆ మాట కోసమే వింటున్నాడని నాకు తెలియదు.

"మా యక్క పాడినట్ల ఒక్కసారి పాడు."

పాడాను. ఆ మాట దగ్గరికి రాగానే గొంతు దానంతటదే పైకి లేచింది. మళ్లీ పాడాను. మళ్లీ పైకే. బలవంతంగా దించితే ఎక్కడో పడింది. అది అమ్మదీ కాదు, అత్తదీ కాదు.

"అట్ల కాదు" అన్నాడు నాయన మెల్లిగా. ఎట్లనో ఆయనకు తెలుసు. పాడి చూపలేడు.

మొదటి నుంచి ఎత్తుకున్నాను. నాయన కళ్లు మూసుకుని, చెవి నా వైపు తిప్పి, ఆ మాట కోసం కాచుకుని కూర్చున్నాడు.