ఫోన్లో ‘వస్తా’ అన్న మాట

2025 ఏప్రిల్‌లో నన్ను గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మగవాళ్ళ సర్జికల్ వార్డుకు ఇన్‌ఛార్జిగా వేశారు. రిటైరయ్యే ముందు నేను చేసిన చివరి డ్యూటీ అదే. ఇన్‌ఛార్జి నర్సుకు రోగులకన్నా నర్సులతోనే పని ఎక్కువ. ఎవరు ఏ షిఫ్టు, ఎవరికి ఎప్పుడు సెలవు అని రోస్టరు వేసి, ముదీర్ చేత, అంటే మేనేజరు చేత, సంతకం పెట్టించుకోవాలి. రోస్టరు వేసే మనిషికి స్నేహితులు మిగలరు. నాకు మిగిలింది ఇద్దరే, కడప షంషాద్, నరసాపురం దీవెన.

దీవెన భర్త ప్రసాదు సైన్యంలో నాయక్. పడమటి సరిహద్దులో ఉండేవాడు. వాళ్ళ పాప నరసాపురంలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మాకు ఏడాదికి ఒక్కటే సెలవు, వాడేస్తే ఖలాస్. అతని సెలవూ ఈమె సెలవూ కలవక ఆ మొగుడూ పెళ్ళాం రెండేళ్ళుగా ఒకరినొకరు చూసుకోలేదు. ఈసారైనా కలవాలన్నదే దీవెన ఆరాటం. అందుకే తన సెలవును వాడకుండా దాచుకుంది.

మాట్లాడుకోవడమూ కష్టమే. మామూలు యాప్‌లలో ఇక్కడ కాల్ కలవదు. కలిసే యాప్‌లను అతని యూనిట్‌లో ఫోన్లో పెట్టుకోనివ్వరు. అందుకని ఇద్దరూ ఆడియోలు పంపుకునేవాళ్ళు. ప్రతి ఆడియో చివరా ప్రసాదు “ఉంటా మరి” అనేవాడు. ఫోన్ పెట్టేసేటప్పుడు మనం ఎవరమైనా అనేది అదే కదా.

మే నెలలో సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. ఆడియోలు ఆగిపోయాయి. దీవెన డ్యూటీలో తప్పు చేయలేదు గానీ అన్నం మానేసింది. ఒక మధ్యాహ్నం షిఫ్టు అప్పగింతలు అవుతుండగా దీవెన ఫోన్‌కు ఆడియో వచ్చింది. ముగ్గురం తలలు దగ్గర పెట్టి విన్నాం. “దీవెనా, బాగానే ఉన్నా. పాప జాగ్రత్త.” తర్వాత ఏదో అన్నాడు, అది బండి చప్పుడులో కలిసిపోయింది. చివర్లో మాత్రం స్పష్టంగా, “వస్తా మరి.”

“వచ్చేత్తన్నాడక్కా!” అంది దీవెన.

షంషాద్ వెంటనే అందుకుంది. “ఫోన్లో వస్తా అంటారా ఎవురన్నా? ఉంటా అంటారు గానీ. సెలవు దొరికిండాది. యల్లా, ఇంక పద, టికెట్ చూసుకో.”

నాకూ అలాగే వినిపించింది. మా వృత్తిలో ఒక నియమం ఉంది. డాక్టరు ఫోన్లో మందు చెబితే నర్సు రాసుకుని, రాసింది తిరిగి చదివి, అవునని ఆయనచేత అనిపించుకోవాలి. అది చేయకుండా చిన్న మాత్ర కూడా ఇవ్వం. ఆ నియమాన్ని కొత్తవాళ్ళకు నేర్పేది దీవెనే. భర్తకు మాత్రం “ఏ రైలుకి?” అని నవ్వుతూ జవాబు పంపింది. తిరిగి పలుకు లేదు. రైల్లో ఉంటాడనుకున్నాం. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు, ముగ్గురం ఆత్రగాళ్ళమే. కాల్పులు ఆగాయన్న వార్త రాగానే దీవెన విమానం ఎక్కింది.

ప్రసాదు రాలేదు. సైన్యంలో సెలవులన్నీ ఆపేశారు. చివరికి ఒకరోజు ఫోన్ చేసి, ఇప్పుడెందుకొచ్చావని అతనే అడిగాడట. నువ్వు వస్తానన్నావుగా అంటే, “ఫోన్లు ఇచ్చేసి ముందుకెళ్ళమన్నారే. బయల్దేరేటప్పుడు వస్తా అనక పోతా అంటారా?” అన్నాడట.

నిజమే. గడప దాటే తెలుగువాడు ఎవడూ పోతానని అనడు. ఆ మాటను మేం ఫోన్లో మాటగా విన్నాం, అతను గడప మీద మాటగా అన్నాడు.

సెలవు నెల అయిపోయి దీవెన డ్యూటీకి వచ్చేసింది. కొద్ది వారాలకు అసలు కబురు తెలిసింది. గుండ్లు పడిన ఆ రోజుల్లో ప్రసాదు చెవులు రెండూ దెబ్బతిన్నాయి. హోరు తగ్గుతుందిలే అని అతను ఎవరికీ చెప్పలేదు. తీరా మిలిటరీ ఆసుపత్రిలో పరీక్షించి, వినికిడి ఇక తిరిగి రాదని చెప్పి సిక్ లీవు మీద ఇంటికి పంపారు. అతను నరసాపురంలో ఉన్నాడు, ఈమె రాస్ అల్ ఖైమాలో ఉంది. జీతం లేని సెలవైనా ఇమ్మని ముదీర్‌ను నేనే అడిగాను. వార్డులో మనుషులు చాలరన్నాడు. రోస్టరు వేసేదాన్ని కనుక అది అబద్ధమని అనలేకపోయాను.

“ఆవేళ ఊళ్ళో ఫోన్ వచ్చినప్పుడు ఆయన ఏంటి, గట్టిగా చెప్పు అంటుంటే లైను బాలేదనుకున్నానక్కా. నర్సునయ్యుండి!” అని దీవెన బట్టలు మార్చుకునే గదిలో కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత కూడా ఆమె అలవాటు కొద్దీ ఆడియో రికార్డు చేసి, గుర్తొచ్చి చెరిపేసి, అదే మాట టైపు చేసి పంపడం చాలాసార్లు చూశాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. దూరాన ఉన్నవాళ్ళ ప్రతి కబురులోనూ ఎప్పుడు వస్తారన్నదే వెతుక్కుంటాం. వస్తానన్నాడంటే ఆ క్షణాన ఎక్కడికో వెళుతున్నాడన్న సంగతి తట్టదు. బయలుదేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదని మనవాళ్ళంటారు. అడగాలి.