ఎండిన అరటితొక్క ఏ డబ్బాలో?

ఆ ప్రాథమిక పాఠశాలలో ఆయమ్మ పద్దెనిమిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. తాత్కాలికమన్న మాటకు ఇంత ఆయుష్షుంటుందని దాన్ని పుట్టించినవారు కూడా ఊహించి ఉండరు. ఈ ఏడు మాత్రం పెద్ద టీచరు మాటిచ్చింది. చెత్త వేరుచేయడం చూడడానికొచ్చే అధికారి మెచ్చుకుంటే, ఆయమ్మను పర్మినెంటు చేయమని పైకి ఉత్తరం రాస్తానంది.

రెండు డబ్బాలొచ్చాయి. ఆకుపచ్చదాని మీద 'తడి', నీలందాని మీద 'పొడి' అని రాసి ఉంది. పిల్లలు కొత్తగా చదవడం నేర్చినవాళ్లు. రాసినదాన్ని పొల్లుపోకుండా పాటించారు. కొళాయి కింద తడిసిన కాగితాలు తడిలోకి, గట్టిపడ్డ రొట్టెముక్కలు పొడిలోకి వెళ్లాయి. ఒకటో తరగతి పిల్ల ఒకతె అరటితొక్కను రెండు రోజులు కిటికీలో ఆరబెట్టి మరీ తెచ్చి పొడిలో వేసింది.

"ఇదేంటే తల్లీ?"

"ఎండిపోయిందిగా ఆయమ్మా. కావాలంటే ముట్టుకుని చూడు."

ముట్టుకుంది. పిల్ల మాటలో తప్పేమీ లేదు.

ఆయమ్మ పెద్ద టీచరు దగ్గరికెళ్లింది. "అమ్మగారూ, అది చెరిపేసి 'తిండి', 'తిండి కానిది' అని రాయిద్దామా?"

"పైనుంచి వచ్చిన అక్షరాలు. మనం చెరిపితే ఊరుకుంటారా?"

ఇక ఆ రోజునుంచి సాయంత్రం గంట కొట్టగానే ఆయమ్మ రెండు డబ్బాల మధ్య పీటేసుకుని కూర్చుని చెత్తంతా మళ్లీ ఏరేది. బడివాళ్లిచ్చిన చేతొడుగులు రెండూ ఎడమచేతివే. ఇంటికెళ్తే మొగుడు గుమ్మంలోనే ఆపేవాడు. "ఇంతకీ నువ్వు తడా, పొడా? తేల్చుకుని లోపలికి రా."

అధికారి వచ్చాడు. మూతలెత్తి చూశాడు. ఏ డబ్బాలోనూ వేలెత్తి చూపడానికేమీ లేదు. సంతోషించి పిల్లల్నడిగాడు: "ఇంత బాగా ఎవరు వేరు చేశారమ్మా?"

"మా ఆయమ్మ," అని తరగతంతా ఒక్క గొంతుతో చెప్పింది. అంత ఐకమత్యం ఎక్కాల దగ్గర కూడా ఎన్నడూ కనబడలేదు.

అధికారి కలం తీశాడు. విద్యార్థులకు అవగాహన శూన్యమనీ, ఆయా అత్యుత్సాహమే అందుకు కారణమనీ చక్కటి దస్తూరితో రాసి వెళ్లాడు.

"నువ్వు ఇంత బాగా చేయకుండా ఉండాల్సింది," అంది పెద్ద టీచరు.

"మరి ఉత్తరం సంగతి, అమ్మగారూ?"

"ఇది చేతిలో పెట్టుకుని ఏమని రాయమంటావు? వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏటికి నాకు అరవై నిండుతాయి."

పెద్ద టీచరు హాజరు పట్టీ తెరిచి శ్రద్ధగా చూడసాగింది. మూడో తరగతిలో ఎవరో వాంతి చేసుకున్నారని కబురొస్తే, ఆయమ్మ బకెట్టు తీసుకుని అటు వెళ్లింది.