ఆకతాయి మాటకు సారు చెప్పిన అర్థం

మా తెలుగు సారు పోయారని మొన్న పొద్దున కోరుట్ల నుంచి అన్న ఫోన్ చేశాడు. అన్నం తిని నడుం వాల్చి, అట్లాగే వెళ్లిపోయారట. మంచాన పడి బాధపడలేదని విన్నాక, ఏడుస్తూనే మనసు కుదుటపడింది.

సారు జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలుండేవి. క్లాసులో ఎవరైనా ఎవరినైనా తిడితే కొట్టేవారు కాదు. "తిట్టినోడు ముందుగాల గా మాటకు అర్థం చెప్పాలె" అనేవారు. చెప్పలేకపోతే తానే చెప్పి, ఇద్దరికీ చెరో గుప్పెడు పల్లీలు పెట్టేవారు.

అవి నక్సలైట్ల రోజులు. నేను తొమ్మిదో తరగతి. ఇంటర్ తప్పి తిరుగుతున్న అన్న, ముగ్గురు దోస్తులతో కలిసి బస్టాండు వెనుక ఖాళీ డబ్బా బోర్లించి దాని కింద లక్ష్మీబాంబు పేల్చాడు. నిజం బాంబేననుకొని జనం పరుగెత్తారు. పోలీసులు నలుగురినీ జీపెక్కించారు. జీపెక్కినవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం అప్పుడు ఎవరికీ లేదు. అమ్మ బీడీల చేట పక్కన పడేసి సారింటికి ఉరికింది, వెనకే నేను. సారు అంగీ గుండీలు పెట్టుకుంటూనే మాతో ఠాణాకు వచ్చారు.

"వీళ్లెవరో మీకు తెలుసా?" అన్నాడు ఎస్సై.

"నా దగ్గర సదువుకున్నోళ్లే సార్. ఆకతాయి పోరగాళ్లు."

"ఈ ఆకతాయిలే రేపు తుపాకులు పడతారు."

సారు నెమ్మదిగా అన్నారు: "ఆతతాయి అన్న పాత మాట నుంచే ఆకతాయి అచ్చిందంటరు సార్. ఆతతాయి అంటే సంపనీకె ఆయుధమెత్తినోడు, ఇండ్లు కాలబెట్టెటోడు. జనం నోట్ల నాని నాని గంత కర్కశమైన మాట అల్లరి పోరగాండ్ల పేరయింది. వీండ్లను కొట్టి మల్ల గా పాత అర్థానికి పంపకుండ్రి."

ఎస్సై ఆయన ముఖంలోకి చూశాడు. "పూచీ ఉంటారా?"

"ఉంట. రేపటిసంది మా ఇంట్లనే సదువుకుంటరు."

వదిలేశారు. సారు మాట నిలబెట్టుకున్నారు, అన్న ఆ ఏడే ఇంటర్ పాసయ్యాడు.

ఆ మధ్యాహ్నం ఠాణా నుంచి మా ఇంటికి వచ్చాక అమ్మ మంచినీళ్లిస్తే, సారు ఆపకుండా మూడు గ్లాసులు తాగి, "పానం ఇప్పుడచ్చింది చెల్లె" అన్నారు. అంత భయంతోనే అక్కడ నిలబడ్డారని అప్పుడు తెలిసింది మాకు. అన్నా, దోస్తులూ నలుగురూ అన్నం తిని, ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని అరుగు మీదే నిద్రపోయారు.

"మీరు ఇంటికి పోరాదుండ్రి సారూ" అంది అమ్మ.

"పండనియ్యి చెల్లె. లేసినంక పోత."

వాళ్లకు అడ్డంగా, వీధివైపు ముఖం పెట్టి కూర్చున్నారు సారు. అంతలో ఉప్పు బండి అతను అరుచుకుంటూ వచ్చాడు. సారు చెయ్యెత్తి, పడుకున్నవాళ్లను చూపించారు. అతను గొంతు తగ్గించి, బండిని మెల్లగా తోసుకుంటూ మా ఇల్లు దాటాడు.