గేటు అవతలి మేస్త్రీ

ఇజ్రాయెల్ నుంచి వచ్చేశాక అనకాపల్లిలో అందరూ నన్ను అడిగేది ఒకటే. బెల్లం కొట్లో కూర్చునే మా బావగారైతే మరీను.

"ఏటమ్మా, ఆ ఇజ్రాయెలోళ్ళూ పాలస్తీనావోళ్ళూ ఎప్పుడు కలిసిపోతారేటి?" అంటారు, ఆ సంగతి నాకు చెప్పే నిర్ణయిస్తారన్నట్టు.

నేనక్కడ ఒక ముసలావిడకి స్నానం చేయించి, మందులిచ్చి, నడిపించేదాన్ని. అంతకుమించి అధికారాలేవీ లేవు. ఆవిడని మామ్మ అనేదాన్ని. అర్థం అడిగి, సరే అంది.

ఒకసారి బాత్రూమ్ టైల్స్ ఊడిపోతే పాలస్తీనా మేస్త్రీ వచ్చాడు. మామ్మ ఇంటి డాబా ఎక్కితే అతని ఊరు కనిపించేది. అయినా చీకటితో బయల్దేరి, ఇజ్రాయెల్ సైనికుల చెక్‌పోస్టు గేటు దగ్గర లైన్లో నిలబడి, ఎండెక్కాక చేరేవాడు. మామ్మ రోజూ గడియారం చూపించి "ఆలస్యం" అనేది. అతను రోజూ "అవును" అనేవాడు.

ఓరోజు రాకెట్లొస్తున్నాయని సైరన్ మోగింది. మామ్మని గట్టిగోడల గదిలోకి నడిపించాను. మేస్త్రీ చేతులనిండా సిమెంటుతో గుమ్మం బయటే ఆగిపోయాడు.

"లోపలికొచ్చి తలుపెయ్యి, దుమ్మొస్తోంది," అని కసిరింది మామ్మ.

ముగ్గురం కూర్చున్నాం. హీబ్రూ నాకప్పటికి బాగానే వచ్చు.

"నాకు శాంతి కావాలి," అంది మామ్మ.

"నాకూ కావాలి. కానీ అది వచ్చాక కూడా నేను ఆ లైన్లోనే నిలబడాలంటే, అది మీ శాంతే," అన్నాడు.

"మావాళ్ళకి భయం," అంది మామ్మ.

"మావాళ్ళకీ."

సైరన్ ఆగింది. టీ తాగారు. మర్నాటి నుంచి మామ్మ గడియారం చూపించలేదు.

తర్వాత యుద్ధమొచ్చింది. మొదటిరోజే గాజా నుంచి చొరబడ్డ సాయుధులు మామ్మ చెల్లెలి మనవణ్ణి చంపేశారు. ఆ సాయంత్రం మేస్త్రీ ఫోన్ చేశాడు. మామ్మకి సరిగ్గా వినపడదు కాబట్టి ఫోన్ నేనే పట్టుకున్నాను. ఇద్దరూ ఏడ్చారు. ఇజ్రాయెల్లోకి పనికొచ్చే అతని పర్మిట్ రద్దయింది, పని సగంలో ఆగింది. కొన్ని నెలలకి గాజాలో ఉంటున్న అతని మేనకోడలు ఇజ్రాయెల్ బాంబు పడి చనిపోయింది. ఈసారి మామ్మే చేయించింది ఫోన్. ఏమనాలో తెలీక, "తిన్నావా?" అంది.

"లేదు."

"తిను."

మామ్మ కూతురింటికి మారిపోయాక నేను వచ్చేశాను. మొన్న కొట్లో ఇదంతా చెప్పాను. బావగారు శ్రద్ధగా విన్నారు.

"ఇంతకీ ఓటుంటే నువ్వెవరికేత్తావమ్మా?"

"నాకక్కడ ఓటు నేదు బావగారూ. ఆ గేటు నడిపే ప్రభుత్వాన్ని ఎన్నుకోడానికి మామ్మకుంది. మేస్త్రీకి నేదు."

"మరైతే కలిసిపోరంటావా?"

"ఇద్దరూ ఇంకా ఫోన్లు చేసుకుంటన్నారు. నాకు తెలిసింది అంతే."

అప్పుడే దేవరాపల్లి నుంచి బెల్లం లోడు వచ్చింది. బావగారు టీవీలో వార్తల సౌండు తగ్గించి, దింపించడానికి లేచారు.